నక్కలబోడు మీద బతికి ఉన్నవాటి జాబితా

సక్రమమైన ప్రయాణానికి మూడు అంగాలుంటాయి: ఉత్తర్వు, ప్రయాణం, నివేదిక. వీటిలో మొదటిదీ చివరిదీ ముఖ్యమైనవి. మధ్యది లేకుండానే పని సక్రమంగా పూర్తయిన సందర్భాలు మా కార్యాలయంలో అనేకం ఉన్నాయి. ఉత్తర్వు లేకుండా బయలుదేరినవాణ్ణి బాటసారి అంటారు. ఉత్తర్వుతో బయలుదేరినవాడు దారి తప్పినా దానిని పర్యటన అనే అంటారు. ఈ వ్యాసం చదివి అటువైపు వెళ్లదలచినవారు ముందుగా తమకు తామే ఒక ఉత్తర్వు జారీ చేసుకొని, దానిని తామే అందుకున్నట్లు సంతకం చేసి, నకలు ఒకటి ఇంట్లో ఉంచి బయలుదేరడం మంచిది. ఇంట్లో నకలు అందుకునేవారెవరూ లేకపోతే తలుపు సందులోంచి లోపలికి వేయవచ్చు. నేను అలాగే చేశాను.

నా పర్యటనకు కారణం ఒక పటం. గోరంట్ల వైపు నక్కలబోడు అనే కొండ ఒకటుంది. పటం గీసినవారు ఆ కొండకు ఆకుపచ్చ రంగు వేశారు. పై కార్యాలయంలో ఎవరో ఆ రంగును చూసి, ఇంత పచ్చని ప్రదేశాన్ని జాతీయ వనంగా ప్రకటించవచ్చునేమో పరిశీలించమన్నారు. పరిశీలన నాలుగేళ్లు సాగింది. నాలుగో ఏడు ఫాల్గుణంలో కొండ కాలిపోయింది. పరిశీలన మాత్రం ఆగలేదు. అగ్నిప్రమాదం జరిగిన ప్రతిపాదిత జాతీయ వనాలలో ఎంత సిబ్బంది కావాలో, ఏయే పరిశోధనలు అవసరమో నెలలోగా తెలుపవలసిందని ఒక నమూనా పత్రం వచ్చింది. మా కార్యాలయంలో అందరికీ సంసారాలున్నాయి. వైశాఖ మాసపు ఎండలో కొండెక్కడానికి వారిలో ఎవరినీ పంపడం న్యాయం కాదని సభ ఏకగ్రీవంగా భావించింది. నేను గణాంకాల గుమాస్తాను, ఒంటరివాణ్ణి, వయసు నలభై ఏడు. నా పేరు నిరాటంకంగా ఆమోదం పొందింది.

అనంతపురంలో ఉదయం ఆరు గంటలకు బయలుదేరవలసిన కదిరి బస్సు ఆరు నలభైకి బయలుదేరింది. టిక్కెట్టు రెండు రూపాయల పావలా. ఎడమ వైపు కూర్చుంటే పది గంటల దాకా ఎండ మీద పడుతుంది, కాబట్టి కుడి వైపు కూర్చోండి. బత్తలపల్లె చేరేసరికి ఏడున్నర దాటింది. అక్కడ డ్రైవరు బస్సు నోట్లో నీళ్లు పోయడానికి దిగి, రెండు ఇళ్లలో అడిగి, ఖాళీ డబ్బాతో తిరిగి వచ్చాడు. మూడో ఇంట్లో సగం డబ్బా ఇచ్చారు. దారికి రెండు వైపులా చెనక్కాయ కోసం దున్ని పెట్టిన ఎర్రని చేలు, వాటి చివర మరిన్ని చేలు. వాన గురించి బస్సులో ఎవరూ మాట్లాడలేదు. కండక్టరు ఒక్కడే నాతో మాట్లాడాడు. నక్కలబోడు మలుపు దాకా టిక్కెట్టు ఇమ్మని అడిగితే, కదిరి దాకే ఇస్తాననీ, అక్కడ గోరంట్ల బస్సు ఎక్కాలనీ చెప్పి, టిక్కెట్టు చింపుతూ నా చేతిలోని కాగితాల సంచీని చూశాడు.

"ఆడ ఏముండాది సారూ? కాలిపోయింది కదా."

అందుకే వెళుతున్నానన్నాను.

"కాలకముందు ఎవురూ రాలేదే," అన్నాడు, చిల్లర చేతిలో పెట్టి వెనక్కి పోతూ. దీనికి సమాధానం నమూనా పత్రంలో లేదు.

కదిరి చేరింది పదిన్నరకు. గోరంట్ల వైపు బస్సు పదకొండున్నరకు. మధ్యలో గంటసేపు ఉగ్గాని తిని, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ గడిపాను. మలుపు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం ఒంటి గంట కావస్తోంది. ముప్పావలా టిక్కెట్టు. బస్సు వెళ్లిపోయాక దాని దుమ్ము పడిపోవడానికి చాలా సేపు పట్టింది. దుమ్ము పడిపోయాక కనిపించింది ఒక పాక, పాక ముందు ఒక బెంచీ, బెంచీ మీద ఎవరూ లేరు. అది రామక్క హోటలు. ఆ మలుపులో భోజనం దొరికే చోటు అదొక్కటే. భోజనం కూడా ఒక్కటే, రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. ఆరణాలు. సంగటి ముద్ద చేతికి కాలుతుండగా తినాలి. చల్లారితే అదొక భౌగోళిక పదార్థంగా మారుతుంది.

రామక్కకు యాభై ఏళ్లుంటాయి. నేను కొండ మీదికి పోతున్నానని తెలిశాక, అడగకుండానే రెండో ముద్ద వేసింది. కొండ మీద కాపలా మనిషి బీరప్ప ఒక్కడే ఉంటాడనీ, పదిహేను రోజులకొకసారి రాగిపిండి కోసం దిగి వచ్చేవాడనీ, మంటల తరువాత ఒకే ఒకసారి వచ్చాడనీ చెప్పింది. ఊళ్లోవాళ్లు అతనికి మతి చలించిందంటున్నారట. కాలిన మొద్దుల దగ్గర కూర్చొని మాట్లాడుతుండగా మేకలు కాసేవాళ్లు చూశారట.

"నిజమేనా?" అన్నాను.

"మాట్లాడేది నిజమే. మతి యాడికీ పోలేదు," అంది ఆమె. "పలికేవోళ్లు లేనప్పుడు మనిషి దేనితోనన్నా మాట్లాడాల కదప్పా. నేను ఈ పొయ్యితో మాట్లాడ్తా. నన్నెవురూ ఏమనరు, సంగటి కావాల గదా అందరికీ."

ఒక మూటలో రాగిపిండి, ఉల్లిగడ్డలు, ఉప్పు కట్టి నా చేతికిచ్చింది. ప్రభుత్వోద్యోగి ప్రైవేటు వ్యక్తుల సరుకు మోయరాదన్న నియమం నాకు కంఠతా వచ్చు. మూట తీసుకున్నాను.

మలుపు నుంచి కొండ రెండు మైళ్లు. దారి తప్పడానికి వీలులేదు, ఎందుకంటే దారి పక్కన దారిని మరిపించేదేదీ లేదు. మైలున్నర తరువాత నేల ఎరుపు పోయి నలుపు మొదలవుతుంది. ఆ గీత అంత సూటిగా ఉండటం చూసి, ఎవరో ఆమోదించి గీసినట్లనిపించింది. నల్లని నేల మీద అడుగు వేస్తే బూడిద లేచి మోకాళ్ల దాకా వచ్చి మళ్లీ కూర్చుంటుంది. పక్షుల చప్పుడు లేదు. నా చెప్పుల చప్పుడు తప్ప మరే చప్పుడూ లేని చోట నడవడం నాకు అలవాటే అయినా, అక్కడ అది కొంత ఎక్కువగా వినిపించింది. కొండ పాదం దగ్గర రాళ్లు పేర్చి కట్టిన గది ఒకటుంది. దాని పైకప్పు కాలిపోయి, కొత్తగా తాటాకులు కప్పి ఉంది. గది ముందు నిలబడి బీరప్ప నన్ను చాలా దూరం నుంచే చూస్తున్నాడు. మూట చూశాక, "రామక్క పంపిందా?" అని, అవుననగానే చెంబుతో నీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి మోసుకొస్తాడో తరువాత తెలిసి, చెంబు మొత్తం తాగినందుకు చింతించాను.

అతనికి అరవైకి దగ్గర వయసు. పన్నెండేళ్లుగా ఆ కొండ మీద కాపలా. అంతకుముందు గొర్రెల కాపరి. భార్య పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. ఈ వివరాలు నమూనా పత్రంలోని మొదటి గడికి సంబంధించినవి కావు గాని, అడగకుండానే చెప్పాడు. అతని గొంతు మొదట బొంగురుగా ఉండి, మాట్లాడిన కొద్దీ దారిలో పడింది. కొంతకాలంగా వాడని చక్రం కదిలినట్లుంది.

పత్రంలోని మొదటి గడి సిబ్బందిది. అగ్నిప్రమాద సమయంలో ఎంతమంది సిబ్బంది ఉన్నారు, ఎంతమంది ఉండవలసింది? మొదటి ప్రశ్నకు ఒకరు అని రాసుకున్నాను. మంట పడమటి వైపు పుట్టిందట. ఎలా పుట్టిందో అతనికి తెలియదు, చూడలేదు. తంగేడు కొమ్మలు విరిచి రెండు పగళ్లు కొట్టాడట. ఒక వైపు ఆర్పుతుంటే ఇంకో వైపు అంటుకునేదట. రెండో ప్రశ్నకు పది అని రాయాలా, ఇరవై అని రాయాలా అని అడిగాను.

"ఇంకొకడు ఉండింటే సాలు సారూ."

"ఇద్దరితో అంత మంట ఆరేదా?"

"ఆరేది కాదు. ఆర్పేదానికి కాదు నేను సెప్తాండేది. ఇట్ల కాల్తాండాదప్పా అని ఒకనికి సెప్పుకునేదానికి."

దీనిని ఏ హోదా కింద నమోదు చేయాలో తెలియక, గడిలో "మరి ఒకరు" అని రాసి, విధులు అన్నచోట ఖాళీ వదిలాను.

అసలు చిక్కు మూడో గడిలో ఉంది. అది కాపలా ఉద్యోగానికి సంబంధించినది. నియమం ప్రకారం కాపలాదారును చెట్ల సంఖ్యను బట్టి నియమిస్తారు. మనిషి రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీయడానికి వీలైనదే చెట్టు. నక్కలబోడు మీద ఇప్పుడు రొమ్ము ఎత్తున ఉన్నవి బీరప్ప, నేను మాత్రమే. అందువల్ల జూను నెలాఖరుతో అతని ఉద్యోగం రద్దవుతుంది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. కాలిన మొద్దులలో బతికి ఉన్నవాటి సంఖ్య రాసి పంపితే, అవి పెరిగేదాకా కాపలా కొనసాగించే విషయం పరిశీలిస్తారు. గడి ఖాళీగా ఉంటే పరిశీలించరు. ఈ విషయం ఉన్నదున్నట్లు అతనికి చెప్పాను.

అతను లేచి నన్ను కొండ మీదికి తీసుకుపోయాడు. దూరం నుంచి అంతా చచ్చినట్లే ఉంటుంది. అతను ఒక నల్లని మొద్దు పక్కన కూర్చొని, దాని మొదలు దగ్గర బూడిదను వేళ్లతో పక్కకు తీశాడు. అక్కడ జానెడు పొడవున రెండు చిగుళ్లు ఉన్నాయి. జంట రెక్కలు విప్పినట్లుండే చిన్న ఆకులు. అది నారేపి చెట్టు. దాని బెరడు నారతో ఆ వైపు వాళ్లు తాళ్లు పేనుతారు. అక్కడక్కడా చిగుళ్ల చుట్టూ ముళ్లకంప పేర్చి ఉంది. మేక నోరు తగిలితే ఆ ఏటికి అది అయిపోయినట్లేననీ, మూడేళ్లు మేక నోరు, గొడ్డలి రెండూ తగలకుండా చూస్తే మనిషిని మించి లేస్తాయనీ, ఆ తరువాత తాను పోయినా ఫరవాలేదనీ చెప్పాడు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయని అడిగాను.

"అన్నీ ఉండాయి," అన్నాడు.

"అన్నీ అంటే ఎన్ని?"

"లెక్క యాడిది సారూ. పొద్దున్నే ఒక సుట్టు తిరిగొస్తా. ఒకటి తగ్గిందంటే తెలుస్తాది. ఏది తగ్గిందో కూడా తెలుస్తాది."

కాపరులు మందను అలాగే చూస్తారట. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్క దాని ముఖం చూసి లోపలికి వదులుతారే గాని ఒకటి, రెండు అనరు. లెక్కపెట్టిన మంద తగ్గుతుందని వారి నమ్మకం. శాస్త్రీయంగా దీనికి ఆధారం లేదని అతనికి చెప్పడం నా విధి గనుక చెప్పాను. అతను కోపగించుకోలేదు. చాలా ఏళ్ల క్రితం కరువు సాయం ఇస్తామని ఎవరో వచ్చి మందను లెక్కపెట్టమన్నారట. తన తండ్రి వద్దన్నా వినకుండా, వేలు చూపించి తానే లెక్కపెట్టి చెప్పాడట. సాయం రాలేదు. మరుసటి వేసవికి దొడ్డి ఖాళీ. కరువుకు అందరి మందలూ పోయాయి కదా, లెక్కపెట్టనివాళ్లవి కూడా పోయాయి కదా అన్నాను.

"పోయినాయి," అన్నాడు. "వాళ్లు ఏలు సూపీలేదు."

సంఖ్య రాయకపోతే ఉద్యోగం పోతుందని మరొకసారి, ఈసారి నిదానంగా చెప్పాను. మీరు చూపించవద్దు, నేనే లెక్కపెట్టుకుంటానని కూడా అన్నాను. అతను నా చేతిలోని పెన్సిలును చూశాడు.

"ఉద్యోగం పోతే నేనొక్కన్నే పోతా. లెక్కపెడితే అవన్నీ పోతాయి. మీరు లెక్కపెట్టనని మాటియ్యండి సారూ, ఇంకా పైకి రాండి. లేదంటే ఈన్నుంచే పోండి."

నేను ఇరవై రెండేళ్లుగా లెక్కపెడుతున్నాను. చెట్లు, బావులు, గాడిదలు, నిరక్షరాస్యులు, నా గది నుంచి కార్యాలయానికి ఉన్న అడుగులు, అన్నీ లెక్కపెట్టాను. లెక్కపెట్టడం మానమని నన్ను అడిగినవారు అంతకుముందు లేరు. అసలు నన్నేదైనా అడిగినవారే తక్కువ. మాట ఇచ్చాను.

ఖాళీ చేతులతో తిరిగి పోకుండా ఉండటానికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. అతను ఒక్కొక్క దాని గుర్తు చెబుతాడు, నేను రాస్తాను. మూడున్నర నుంచి పొద్దు వాలేదాకా తిరిగాం. బీరప్ప ఆ మొద్దులను తన పాత మంద గుర్తులతోనే పిలుస్తాడు. తెల్లని పగులు ఉన్నది బొల్లిది. రెండు కొమ్మల్లో ఒకటి విరిగింది మొండికొమ్ముది. పక్కన రెండు పిలకలు లేచింది జోడుపిల్లల తల్లి. రాతి చాటున ముడుచుకున్నది బెదురుది. ఇది ఎప్పుడూ వెనకబడేది, ఇది ముందు పోయేది, ఇది కుంటిది, ఇది మాట వినేది. ఒక్కొక్క దాని దగ్గర ఆగి, కంప సర్ది, ఎవరో వచ్చారని దానికి చెప్పి, దాని గుర్తు నాకు చెప్పేవాడు. ఒక చోట చాలా సేపు ఆగాడు. అక్కడ బూడిద తీశాడు, చిగురు లేదు. గోటితో బెరడు గీకి చూశాడు, లోపల కూడా నలుపే. ఇది నిన్నటి దాకా పచ్చగా ఉండిందని చెప్పి, రాయొద్దు అన్నాడు. రాయలేదు. వరుసగా ఒకదాని కింద ఒకటి రాస్తే కన్ను దానంతట అదే లెక్కపెడుతుందని, పేర్లన్నీ అడ్డంగా, కామాలు పెట్టి, వాక్యంలా రాసుకుంటూ పోయాను. పుటల మీద అంకెలు కూడా వేయలేదు. అయినా ఒకటి రెండు సార్లు లోపల ఏదో సంఖ్య మొదలైతే, ఆఫీసు పాత సర్క్యులర్లు మనసులో వల్లించి దానిని చెరిపేశాను. ఆ సర్క్యులర్లు ఒక పనికి వచ్చింది అప్పుడే.

చివరి గడి పరిశోధనలది. ఈ వనానికి ఎలాంటి పరిశోధన అవసరం, పరికరాలేవి, పండితులెందరు? సంగటి గెలికి, ఉల్లిగడ్డ నంజుకొని తిన్నాక, గది ముందు కూర్చొని ఆ ప్రశ్న అతనికే వేశాను. అతను వెంటనే చెప్పాడు. ముందే అనుకొని ఉన్నట్లున్నాడు. నారేపి మొలక ప్రతి ఎండకూ పైన చస్తుందట. కింద వేరు మాత్రం చావకుండా ఇంకా కిందికి పోతుందట. మళ్లీ వానకు పైన లేస్తుంది, మళ్లీ చస్తుంది, వేరు మళ్లీ కిందికి పోతుంది. చూసేవాళ్లకు అక్కడ ఏమీ ఉండదు.

"అట్ల ఎన్నేండ్లు ఉండగలదు సారూ, పైన ఏమీ లేకుండా? సదువుకున్నోళ్లకు ఎవురికన్నా తెలుసునేమో అడిగి రాయండి."

ఆ వాక్యాన్ని పరిశోధన గడిలో రాశాను. పరికరాలు అన్నచోట "అక్కరలేదు" అని రాశాను. అతను చాపను నాకిచ్చి తాను నేల మీద పడుకున్నాడు. తెల్లవారాక కొండ దిగుతుంటే గీత దాకా వచ్చి, నల్లని నేల మీదే నిలబడి, నేను ఎర్రని నేల మీద కొంత దూరం పోయేదాకా చూశాడు. నేను వెనక్కి తిరిగి చూడటం నియమాలకు విరుద్ధం కాదు గనుక మూడు సార్లు చూశాను. తిరుగు ప్రయాణంలో మలుపు దగ్గర గోరంట్ల నుంచి వచ్చే బస్సు తొమ్మిదికి దొరుకుతుంది. చేయెత్తకపోతే ఆగదు.

కార్యాలయంలో జాబితాను టైపుకిచ్చాను. వరుస సంఖ్యలు వేయవద్దని టైపిస్టుకు రెండు సార్లు చెప్పాను. జాబితాకు నేను పెట్టిన శీర్షిక "నక్కలబోడు మీద అగ్నిప్రమాదం తరువాత బతికి ఉన్నవి" అని. కొండ మీద మా ఇద్దరికీ అవేమిటో తెలుసు కాబట్టి అవేమిటో రాయాలని తోచలేదు. టైపు అయిన నాలుగు పుటలూ చదివి మా అధికారి నన్ను గదిలోకి పిలిపించాడు. బొల్లిదని, కుంటిదని, జోడుపిల్లల తల్లి అని ఉన్న చోట్ల ఎర్ర సిరాతో గీతలు గీసి ఉన్నాయి.

వీటిని నేను స్వయంగా చూశానా అని అడిగాడు. చూశానన్నాను. అన్నీ బతికే ఉన్నాయా? ఉన్నాయన్నాను. ప్రతిపాదిత జాతీయ వనం లోపలే ఉన్నాయా? లోపలే అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"మనం చర్య తీసుకునేలోగా అక్కణ్ణుంచి వెళ్లిపోయే అవకాశం ఉందా?"

"లేదు సార్," అన్నాను. ఆ ఉదయం నేను చెప్పినవాటిలో ఒక్క అబద్ధం లేదు.

ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యేసరికి కాగితం పై కార్యాలయానికి వెళ్లిపోయింది. మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ప్రతిపాదిత జాతీయ వనంలోకి అనుమతి లేకుండా ఒక గొర్రెల మంద ప్రవేశించి స్థిరపడిందని తెలిసి పై కార్యాలయం తీవ్రంగా విచారించింది. గొర్రెలను పేరు పేరునా గుర్తుపట్టగలవాడు అక్కడి కాపలాదారు ఒక్కడే కాబట్టి, విచారణ పూర్తయి, మందను పట్టుకొని హాజరు పరచేదాకా అతని ఉద్యోగాన్ని రద్దు చేయరాదు. మరి ఒకరిని నియమించాలన్న సూచన ఆమోదించబడలేదు. మంద ఆరోగ్యాన్ని ఆరు నెలలకొకసారి పశువైద్యుడు పరిశీలించాలి. పరిశోధన గడిలోని ప్రశ్న గొర్రెల విషయంలో అప్రస్తుతం.

అది పొరపాటని అధికారికి తెలపడం నా బాధ్యత. ఆ సాయంత్రమే దిద్దుబాటు లేఖ రాయడానికి కూర్చున్నాను. అయితే దిద్దుబాటుకు మా కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. జాబితాను సవరించే లేఖలో, ఆ జాబితాలోని మొత్తం సంఖ్యను అంకెలలోనూ అక్షరాలలోనూ తెలపాలి. తెలపని లేఖను స్వీకరించరు. నాలుగు పుటలు నా ముందున్నాయి. వేలు పెట్టి పోతే పావుగంట పని. గదిలో ఎవరూ లేరు, కొండ అరవై మైళ్ల దూరంలో ఉంది. పెన్సిలును సొరుగులో పెట్టి, సొరుగు మూసి, ఇంటికి వచ్చాను. దిద్దుబాటు లేఖ ఇప్పటికీ అసంపూర్ణంగా ఉంది. పద్ధతి ప్రకారం దానిని పంపడానికి వీలులేదు.

కార్తికంలో పశువైద్యుడు వెళ్లాడు. ఇతను తిరిగి రాగానే నిజం బయటపడుతుందనుకున్నాను. అతను ఒక్క రోజు పనికి వెళ్లి మూడు రోజులుండి వచ్చాడు. అతని నివేదిక నా బల్ల మీదుగానే పోయింది. అందులో ఇలా ఉంది: "మంద ఆరోగ్యంగా ఉన్నది. రోగలక్షణాలు లేవు. మేత అడగవు. బెదురుది మాత్రం ఎదుగుదలలో వెనకబడినది, వచ్చే పర్యాయం తిరిగి చూడవలసి ఉన్నది." ఆ యువకుణ్ణి నేను కలవలేదు. అతని సంతకం కింద నా సంతకం చేసి ఫైలును ముందుకు పంపాను. మా పరిచయం అంతే.

ఈ పర్యటన గురించి ఆలోచించినప్పుడు నాకు తోచేది ఒకటే. పై కార్యాలయం వద్దన్న ఆ మరి ఒకరు ఇప్పటికీ లేరు. ఏడాదిలో రెండు సార్లు పశువైద్యుడు, పదిహేను రోజులకొకసారి రామక్క. మిగిలిన రోజుల్లో బీరప్ప పొద్దున్నే ఒక చుట్టు తిరుగుతూ ఉంటాడు, ఎవరికీ కనిపించని చోట ఏదో ఇంకాస్త కిందికి పోతూ ఉంటుంది. అతని ప్రశ్నను నేను విడిగా, స్వంత ఖర్చుతో, ముగ్గురు పండితులకు కార్డు మీద రాసి పంపాను. ఒకరు నారేపి నార ధర ఎంతని తిరిగి రాశారు. మిగిలినవారు రాయలేదు. సాయంత్రాలు గదికి వచ్చి తలుపు తీసినప్పుడు, పైన ఏమీ లేకుండా ఎన్నేళ్లు ఉండవచ్చునన్నది కొండకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదని తోస్తుంది. దానికి పరికరాలు నిజంగానే అక్కరలేదు.

అటు వెళ్లేవారికి ఒక ఉపయోగకరమైన సూచన: నీళ్లు కదిరిలోనే రెండు సీసాల నిండా పట్టుకోండి, ఒకటి తాగడానికి, ఒకటి తాగకుండా మోసుకుపోయి అక్కడ ఇవ్వడానికి. పైకి వెళ్లాక తొందరపడకుండా కనీసం ఒక పూట కూర్చోండి. బీరప్ప గొంతు దారిలో పడటానికి కొంత సమయం పడుతుంది. చూసినవాటిని గురించి తిరిగి వచ్చాక ఎవరైనా అధికారికంగా ప్రశ్నిస్తే, ఈ దిగువ నియమాన్ని ఉదహరించండి. దీనిని ఎవరూ జారీ చేయలేదు గనుక ఎవరూ రద్దు చేయలేరు: నక్కలబోడు మీద వేరు గల ప్రతిదీ గొర్రె, అది మనిషిని మించి ఎదిగిన పిమ్మట కూడా గొర్రెయే, ఇదే తుది నిర్ణయం, దీనిపై అప్పీలు లేదు.